గ్రంథాలయం లెక్కలకు డేటాబేసా, ఎక్స్‌ఎమ్‌ఎలా?

మీ ఊరి గ్రంథాలయంలోని ఎనిమిది వేల పుస్తకాల వివరాలనూ, ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారన్న లెక్కనూ కంప్యూటరుకు ఎక్కించాలనుకుంటున్నారు. ప్రోగ్రాము రాస్తున్న మీ మేనల్లుడు పుస్తకాలు తక్కువే కాబట్టి డేటాబేసు (సమాచారాన్ని పట్టికల్లో దాచి, మార్పులను తానే చూసుకునే ప్రోగ్రాము) అవసరం లేదనీ, మొత్తాన్ని ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో, అంటే ప్రతి వివరానికీ అటూ ఇటూ దాని పేరును గుర్తుగా పెట్టి రాసే మామూలు అక్షరాల ఫైలులో, దాచుకోవచ్చుననీ అంటున్నాడు. అది సరైన సలహాయేనా అని అడిగారు. సరైనది కాదు. పుస్తకాలు ఎనిమిది వందలే ఉన్నా నేను ఇదే మాట చెబుతాను. సమాచారం ఎంత ఉందన్న దానికంటే, దాన్ని రోజూ ఎందరు మారుస్తారన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇటువంటి ఏర్పాటును నేను కోస్తాలోని ఒక పట్టణ గ్రంథాలయంలో దగ్గరుండి చూశాను. అక్కడ పుస్తకాల పట్టిక తయారీకి సాయం చేయడానికి వెళుతూ ఉండేవాణ్ణి. కౌంటరు దగ్గర ఒక కంప్యూటరు, లోపలి గదిలో కొత్త పుస్తకాలు నమోదు చేసేందుకు మరొకటి ఉండేవి; రెండూ ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును తెరిచేవి. తెరిచిన ప్రతిసారీ ఫైలంతా మెమరీలోకి వచ్చేది, సేవ్ చేసిన ప్రతిసారీ ఫైలంతా తిరిగి రాయబడేది. అందువల్ల ఎవరు ఆఖరున సేవ్ చేస్తే వారి ప్రతే మిగిలేది, ఈలోగా రెండోవారు చేసిన పని జాడ లేకుండా పోయేది. ఒకరోజు రిటైరైన ఉపాధ్యాయుడొకరు పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చారు. లైబ్రేరియన్ గారు తెర వైపు చాలాసేపు చూసి, “మాస్టారూ, ఇది మీకు ఇచ్చినట్టు లెక్కలో లేదండీ” అన్నారు. ఆయన నొచ్చుకుని, వెనక అట్టకు అంటించిన చీటీ మీది తేదీ ముద్రను చూపించి, “ముద్ర మీరు వేసిందే కదమ్మా, నేనేమైనా ఎత్తుకుపోయానా?” అన్నారు. ఆయనకు పుస్తకం ఇచ్చిన మధ్యాహ్నమే లోపలి గదిలోని సహాయకుడు తన పాత ప్రతిని సేవ్ చేశాడు. అంతకు మించి జరిగిన పొరపాటేమీ లేదు. నిజాయితీపరుడైన ఒక పాఠకుడు నలుగురి ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిన ఆ సంఘటన నాకు నేటికీ కష్టంగానే ఉంటుంది.

అదే గ్రంథాలయంలో మరొకసారి పట్టిక అసలు తెరుచుకోలేదు. తప్పు చూపిన వరుసను నోట్‌ప్యాడులో వెతికితే, ప్రచురణకర్త పేరు ఉండవలసిన చోట వావిళ్ల రామస్వామిశాస్త్రులు & సన్స్ అని కనిపించింది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ & గుర్తును నేరుగా రాయకూడదు, దానికి బదులుగా నిర్ణీత సంకేతం రాయాలి. నియమం ఒక్కచోట తప్పినా, చదివే ప్రోగ్రాము అక్కడితో ఆగిపోవాలని 1998లో వెలువడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణమే చెబుతోంది. ఒకరినొకరు ఎరుగని సంస్థలు పత్రాలు మార్చుకునేటప్పుడు ఆ కఠినత్వం మేలే చేస్తుంది. కానీ కౌంటరు ముందు మనుషులు వరుసలో నిలబడి ఉండగా ఒక్క గుర్తు వల్ల పట్టికంతా మూతపడడం ఏ గ్రంథాలయానికీ తగదు. ప్రోగ్రాము రాసినవారు జాగ్రత్తపడితే ఈ రెండో చిక్కు తప్పేది. మొదటిది మాత్రం జాగ్రత్తతో తీరేది కాదు. ఫైలు మధ్యలో ఒక పేరు పొడవు మారితే దాని తర్వాతదంతా జరగాలి కనుక మొత్తం తిరిగి రాయక తప్పదు, రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైలే మిగలవచ్చు. డేటాబేసు చేయబోయే మార్పును ముందుగా వేరొకచోట నమోదు చేసుకుంటుంది. కరెంటు తిరిగి వచ్చాక ఆ మార్పు పూర్తిగా జరిగినట్టో, అసలు జరగనట్టో తేలుస్తుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ప్రతి వివరమూ మరొకదాని కింద కొమ్మలా చేరి చెట్టు రూపంలో ఉంటుంది కాబట్టి, ఇచ్చిన పుస్తకం వివరాన్ని పుస్తకం కిందనైనా, సభ్యుడి కిందనైనా పెట్టాలి. పుస్తకం కింద పెడితే అది ఎవరి దగ్గర ఉందో వెంటనే తెలుస్తుంది గానీ, ఫలానా సభ్యుడి దగ్గర ఏయే పుస్తకాలు ఉన్నాయో తెలియాలంటే చెట్టంతా గాలించాలి. ఐబీఎమ్‌లో పనిచేసిన కాడ్ 1970లో పట్టికల పద్ధతిని ప్రతిపాదించినప్పుడు ఎత్తి చూపిన లోపాల్లో ఇదీ ఒకటి. యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం ప్రతి పుస్తకానికీ ఇచ్చే సంఖ్య), సభ్యత్వ సంఖ్య, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ అన్న నాలుగు గడుల పట్టిక ఒకటి ఉంటే రెండు ప్రశ్నలకూ సమానంగా జవాబు దొరుకుతుంది.

ఎక్స్‌ఎమ్‌ఎల్ అయితే ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, పెన్‌డ్రైవులో వేసుకోవచ్చు అని చాలామంది అంటారు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు కూడా ఒకే ఫైలుగా పెన్‌డ్రైవులో ఇముడుతుంది, దానికి వేరే సర్వరు అక్కరలేదు. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఆ డేటాబేసు నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉంది. డేటాసెట్లను భద్రపరచడానికి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సిఫారసు చేసే రూపాల్లో అదీ ఒకటి. మీకు ఒకే కంప్యూటరు ఉంటే అది చాలు. రెండు కంప్యూటర్లు ఉంటే మాత్రం ఆ ఫైలును నెట్‌వర్కులో పంచుకోకండి, ఒకరు రాస్తుండగా రెండోవారిని ఆపే తాళాలు అక్కడ సరిగా పడతాయన్న భరోసా లేదు. ఒక కంప్యూటరులో మైఎస్‌క్యూఎల్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ, అంటే రెండు కంప్యూటర్లకూ జవాబిచ్చే డేటాబేసు సర్వరు ఒకటి, పెట్టుకోండి.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను నేను తక్కువ చేయడం లేదు. తెలుగు వికీపీడియా వ్యాసాలు రోజూ మారుతూ ఉండేది డేటాబేసులోనే అయినా, వాటిని మూటగట్టి అందరికీ పంచేది ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లుగానే. న్యూజీలాండులో పుట్టిన కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఈ రెండింటినీ సరైన చోట వాడింది. పుస్తకం పేరు, సంపాదకులు, సంపుటాలు, ముద్రణ వివరాలు ఉండే మార్క్ రికార్డును (గ్రంథాలయాలు పుస్తక వివరాలను రాసుకునే ప్రామాణిక రూపం) మైఎస్‌క్యూఎల్‌లోని ఒక గడిలో ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలోనే ఉంచుతుంది. ఇచ్చిపుచ్చుకోళ్లను మాత్రం వేరే పట్టికల్లో రాసుకుంటుంది. ఒక పుస్తకానికి నలుగురు సంపాదకులు, మరొకదానికి అసలు రచయితే తెలియని పరిస్థితి ఉన్నప్పుడు ఎక్స్‌ఎమ్‌ఎల్ బాగా ఒదుగుతుంది.

మేనల్లుడు చదువు కోసం సొంతంగా ప్రోగ్రాము రాసుకుంటానంటే రాసుకోనివ్వండి గానీ, గ్రంథాలయానికి కోహాయే పెట్టించండి. ఏది పెట్టినా పుస్తకాల పేర్లను యూనికోడ్ (ప్రతి లిపిలోని అక్షరాలకూ వేర్వేరు సంఖ్యలు ఇచ్చే ప్రమాణం) తెలుగులోనే ఎక్కించమని గట్టిగా చెప్పండి. ముద్రణాలయాల్లో వాడే పాత ఫాంట్లతో ఎక్కించిన పట్టికలను నేను ఎన్నో చూశాను. తెర మీద తెలుగులా కనిపించే ఆ అక్షరాలు లోపల ఇంగ్లీషు అక్షరాలూ, విరామ చిహ్నాలే కాబట్టి, పాఠకుడు తెలుగులో వెతికితే ఒక్క పుస్తకమూ దొరకదు. వాటిని తిరిగి టైపు చేయించడానికి గ్రంథాలయాలు మళ్లీ డబ్బు వెతుక్కుంటున్నాయి. ఇక నెలకొకసారి పట్టికను మార్క్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా బయటకు తీసి వేరొక చోట దాచుకోండి. రేపు సాఫ్ట్‌వేరు మార్చవలసి వస్తే కొత్తది చదవగలిగేది ఆ ఫైలునే.