సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అర్జెంటైతే ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బెంగళూరు. గంటకోసారి యూరిన్‌కి పరుగే, వస్తే ఆపుకోలేను. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌కి భయపడి ఆఫీసుకెళ్లే రోజు నీళ్లే తాగట్లేదు. ఫిల్టర్ కాఫీ మాత్రం రోజుకి నాలుగుసార్లు, బై టూ (ఒక కాఫీ ఇద్దరికి సగం సగం) తాగుతాను. తిండి మారిస్తే తగ్గుతుందా?

జవాబు: చాలామందికి తగ్గుతుందమ్మా, కానీ ముందు షుగర్, యూరిన్ టెస్టులు చేయించుకోండి. నీళ్లు మానేస్తే యూరిన్ చిక్కబడి బ్లాడర్‌ని ఇంకా చికాకు పెడుతుంది, పైగా మలబద్ధకం వస్తే బ్లాడర్‌ మీద అదో ఒత్తిడి, అందుకే పగలంతా కొంచెం కొంచెంగా తాగి పడుకునే 2-3 గంటల ముందు తగ్గించండి. అసలు దొంగ మీ ఫిల్టర్ కాఫీ! బై టూ అయినా రోజుకి నాలుగుసార్లంటే రెండు ఫుల్ కాఫీలే కదా, టీ కూడా అంతే. ఒక్కసారే మానేస్తే తలనొప్పి, మెల్లగా తగ్గించండి. కూల్‌డ్రింకులు, డైట్ సోడాలు, బాగా కారం, పులుపు ఒక్కొక్కటీ ఓ వారం ఆపి చూడండి, పడనిదేదో తెలుస్తుంది, పడేవాటిని ఊరికే మానొద్దు. యూరిన్‌లో రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లండి.