హారన్ స్పీకర్లు కొనేముందు

ప్రశ్న: ఒక్కరే చేత్తో తయారుచేసే హారన్ స్పీకర్ల (శబ్దాన్ని బూరలా విచ్చుకునే గొట్టం ద్వారా పెంచి వినిపించేవి) జత కొనాలనుకుంటున్నాను. నా వాల్వ్ (గాజు గొట్టాలతో పనిచేసే) యాంప్లిఫయర్ 8 వాట్లది, సరిపోతుందా? మొత్తం సొమ్ము ముందే ఇమ్మంటున్నారు.

జవాబు: నిశ్చింతగా సరిపోతుంది. స్పీకరు సామర్థ్యం, అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో వినిపించే శబ్దం, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ కావలసిన శక్తి సగమవుతుంది కనుక, 87 డెసిబెల్స్ సామర్థ్యమున్న మామూలు స్పీకరుకు 64 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం 105 డెసిబెల్స్ హారన్ స్పీకరుకు 1 వాట్‌తోనే వస్తుంది. అయితే యాంప్లిఫయర్‌లోని సన్నని గుంయిమనే మోత కూడా అంతే స్పష్టంగా బయటపడుతుంది కాబట్టి, మీ యాంప్లిఫయర్‌ను వెంట తీసుకువెళ్ళి, పాటేమీ పెట్టకుండా హారన్ నోటి దగ్గర చెవి ఆనించి వినండి. హారన్ గోడను వేలి కణుపుతో తట్టండి. అది ఖంగుమంటే గాయకుల గొంతులోనూ ఆ ఛాయ కలుస్తుంది.

గది విషయంలో తొందరపడకండి. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అందుకే మంద్ర స్వరాలకు చాలా పెద్ద హారన్ కావాలి. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, హోప్ పట్టణంలో 1946లో కంపెనీ స్థాపించిన పాల్ క్లిప్ష్ తన క్లిప్ష్‌హార్న్‌ను గది మూలలో నిలిపి, ఆ రెండు గోడలనే హారన్‌కు కొనసాగింపుగా వాడుకున్న తీరు నాకు ఇప్పటికీ అబ్బురమే. మీ గదిలో అలాంటి ఖాళీ మూలలు లేకపోతే మూల అవసరంలేని నమూనా అడగండి.

సొమ్ము మాత్రం విడతలుగానే చెల్లించండి. డ్రైవర్ల (స్పీకరులో శబ్దం పుట్టించే భాగాల) తయారీ సంస్థ, మోడల్ సంఖ్య, క్రాసోవర్ (మంద్ర, తార స్వరాలను విడదీసి తగిన డ్రైవర్‌కు పంపే సర్క్యూట్) పటం రాతపూర్వకంగా తీసుకోండి. రేపు తయారుచేసినాయన పని మానేసినా మరొకరు బాగుచేయగలుగుతారు.