బోరు నీళ్ల సున్నమే కిడ్నీలో రాయి అవుతుందా?

చెన్నైకి మారాక కిడ్నీలో రాయి తేలిందనీ, బిందెలకి పట్టే తెల్ల పొరే లోపల కూడా పేరుకుందా అనీ అడిగారు. కాదండీ. రెండింట్లోనూ కాల్షియం ఉంది, చుట్టరికం అంతవరకే.

నేను గిండీలో జియాలజీ చదివాను, ఉండేది వేళచ్చేరిలో. మా బోరు నీళ్ల ధాటికి గీజర్ కాయిల్ పెంకు కట్టేస్తుంది. ఆ పెంకు గీకి నిమ్మరసం పిండితే బుసబుసా పొంగుతుంది. అది కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి, ఆల్చిప్పలు, కోడిగుడ్డు పెంకు అన్నీ అదే. నాకు పడిన రాయి ముక్క మీద వెనిగర్ చుక్క వేస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ల్యాబ్ రిపోర్టులో కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ అని వచ్చింది, అంటే కాల్షియం, ఆక్సలేట్ ఒక నీటి అణువుతో కలిసి కట్టిన స్ఫటికం. మా జియాలజీ వాళ్లు దీన్నే హ్యూవెలైట్ అంటారు, బొగ్గు పొరల్లో కూడా దొరుకుతుంది. రెండు నీటి అణువులుండే డైహైడ్రేట్ రకం, అంటే వెడెలైట్, అంటార్కిటికా దగ్గర సముద్రం అడుగు మట్టిలో దొరికింది. కాబట్టి మీ కడుపులో ఉన్నది మాటవరసకి రాయి కాదు, అసలు సిసలు ఖనిజమే.

అంత దూరం ఎందుకు, కంద తరిగితే చేతులు దురద పెట్టడంలో ఈ కాల్షియం ఆక్సలేట్ వాటా ఉంది. ఓసారి పచ్చి కందని పొరలా కోసి పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పెట్టాను. నల్లటి చీకట్లో సన్నటి సూదులు, కట్టలు కట్టలుగా, ధగధగా మెరుస్తూ. వెనిగర్ వేసినా కదల్లేదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్క తగిలాకే మాయమయ్యాయి. మొక్క ఎక్కువైన కాల్షియాన్ని అలా కట్టగట్టి కణాల్లో దాచుకుంటుంది. పచ్చిగా తినబోయిన జంతువుకి నోరంతా గుచ్చుకుంటుంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు!

ఖనిజం కట్టడం మన ఒంటికీ కొత్త కాదు. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు, పంటి ఎనామెల్‌లో 96 శాతం దాకా అపటైట్ జాతి ఖనిజమే, అంటే ఒక రకం కాల్షియం ఫాస్ఫేట్. అక్కడ ప్రోటీన్లు మేస్త్రీలా నిలబడి ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటాయి. మూత్రంలో అలా కాదు. కాల్షియం, ఆక్సలేట్ మామూలు మనుషుల్లో కూడా చాలాసార్లు కరిగే హద్దు దాటే ఉంటాయి; సిట్రేట్, మెగ్నీషియం లాంటివి అడ్డుపడుతుంటాయి కాబట్టి నెట్టుకొస్తాం. చాలామందిలో ముందుగా కిడ్నీ కణజాలంలో అపటైటే చిన్న మచ్చలా ఏర్పడి, దాని మీద ఆక్సలేట్ పొరలు కడుతుంది.

చెన్నైని తిట్టాలంటే బోరుని కాదు, ఎండని తిట్టండి. తాగిన నీళ్లన్నీ చెమటకే పోతే మూత్రం చిక్కబడుతుంది. ఆర్‌ఓ పెట్టించుకుంటే బాగుపడేది మీ టీ గిన్నె.

పాలు, పెరుగు మానేయమని పక్కింటివాళ్లు చెప్తారు, వినకండి. భోజనంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర తగ్గించండి చాలు. నిమ్మరసం మంచిదే, కానీ ఉన్న రాయిని కరిగించదు. అందులోని సిట్రేట్ కొత్తది కట్టకుండా చూస్తుంది.

రాయి పడితే పారేయకుండా కడిగి, ఆరబెట్టి డబ్బాలో వేసి డాక్టరుకి ఇవ్వండి. యూరిక్ ఆసిడ్ రాయి అయితే మూత్రంలో ఆమ్లం తగ్గించే మందులతో కరిగించొచ్చు, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే స్ట్రువైట్ అయితే దారి వేరు. ఏ రాయో తెలియకుండా మందు వాడటం దండగ.