పేరు లేని నైట్ సమాధి శిల్పం ఎవరిదో ఎలా కనుక్కోవాలి?

ఇంగ్లండ్‌లో ఒక పల్లె చర్చిలో కవచంతో పడుకున్న నైట్ రాతి శిల్పం చూశారు, పేరు ఎక్కడా లేదు, డాలు మీద సింహం ఉంది, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు కాబట్టి క్రూసేడ్‌కు (జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన యుద్ధానికి) వెళ్ళినవాడేనని అక్కడివాళ్ళు చెప్పారు. ఆయనెవరో ఎలా తెలుస్తుందన్నదే కదా మీ ప్రశ్న?

ముందు ఆ కాళ్ళ సంగతి పక్కన పెట్టండి. అది క్రూసేడ్ గుర్తు కాదు, అప్పటి శిల్పుల ఫ్యాషన్. 1291లో క్రూసేడర్లకు అక్కడ మిగిలిన ఆఖరి పెద్ద నగరం ఆక్ర చేజారిన తర్వాత కూడా కొన్ని దశాబ్దాల పాటు అలాగే చెక్కారు.

ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక వీకెండ్స్‌లో పాత చర్చిలు తిరగడం నాకు అలవాటైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నేరుగా డాలు దగ్గరికే వెళ్తారు. నన్నడిగితే దాన్ని ఆఖర్న చూడాలి. సింహం చాలా వంశాల చిహ్నం. వాటిని వేరు చేసేది రంగులు, ఆ రంగులేమో రాయి మీద ఎప్పుడో రాలిపోయి ఉంటాయి.

మొదట కవచం చూడండి. పాత పెళ్ళి ఫొటోలో చొక్కా కాలర్ చూసి ఏ కాలానిదో చెప్పేస్తాం కదా, ఇదీ అంతే. ఒళ్ళంతా ఇనుప రింగుల అల్లిక, దాని మీద పొడవాటి గుడ్డ అంగీ ఉంటే సాధారణంగా 13వ శతాబ్దం. మోకాళ్ళను కప్పే కవచపు చిప్పలు కూడా ఉంటే ఆ శతాబ్దం మధ్యకు లేదా ఇంకా ఇవతలికి వచ్చినట్టు. భుజాల దగ్గర చిన్న పలకలు (ఏలెట్లు) నిలబడి ఉంటే ఇంచుమించు 1280-1340 మధ్య. నెత్తిన మొనదేలిన శిరస్త్రాణం (బాసినెట్), దాని అంచు నుంచి భుజాల మీదికి దిగే రింగుల అల్లిక, తుంటి మీద బరువైన బెల్టు ఉంటే 14వ శతాబ్దం రెండో సగం అనుకోవచ్చు. కాంటర్‌బరీలో ఉన్న యువరాజు ఎడ్వర్డ్ (బ్లాక్ ప్రిన్స్ అంటారు, మరణం 1376) శిల్పం అచ్చం ఇలాగే ఉంటుంది. మెడ దగ్గర ఆ అల్లిక పోయి రేకు వచ్చిందంటే దాదాపు 1410 దాటినట్టే. సింహాసనం కోసం పోటీపడ్డ రెండు రాజవంశ శాఖల్లో ఏ పక్షమో హారం చెబుతుంది: మెడలో ఎస్ అక్షరాల హారం ఉంటే లాంకాస్టర్ పక్షం, సూర్యులూ గులాబీలూ ఉంటే యార్క్ పక్షం.

కాలం తేలాకే డాలు పనికొస్తుంది. సాల్స్‌బరీ కెథెడ్రల్‌లో విలియం లాంగ్‌స్పే (మరణం 1226) డాలు మీద ఆరు సింహాలుంటాయి. ఆయన తాత, ఆంజూ ప్రభువు జెఫ్రీ. ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో ఉన్న ఆయన ఎనామెల్ ఫలకం మీదా నీలం డాలు, బంగారు సింహాలే. రాజు రెండో హెన్రీకి అక్రమ సంతానం అయినా మనవడు తాత చిహ్నాన్నే పట్టుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు హెరాల్డ్రీ (వంశ చిహ్నాల శాస్త్రం) మీద నిజంగా గురి కుదిరింది.

డాలు పైభాగంలో అడ్డపట్టీ, దానికి కిందికి వేలాడే పళ్ళలాంటివి ఉన్నాయేమో బాగా చూడండి. దాన్ని లేబుల్ అంటారు. తండ్రి బతికుండగా పెద్దకొడుకు తన డాలుకు పెట్టుకునే గుర్తు అది. అదొక్కటే తండ్రినీ కొడుకునూ విడదీసేస్తుంది.

తర్వాత మీకు వచ్చిన కాలానికి దగ్గరి ఆర్మ్స్ రోల్స్ (నైట్ల పేర్లు, చిహ్నాలు రాసిపెట్టిన పాత జాబితాలు) తిరగేయండి. 1298 ఫాల్కర్క్ యుద్ధం, 1300 కార్లావెరాక్ కోట ముట్టడి జాబితాల్లో ఎవరు ఏ చిహ్నం పట్టుకొచ్చారో రంగులతో సహా ఉంటుంది. ఆ కాలంలో ఆ ఊరి మేనర్ (భూస్వామి ఎస్టేట్) ఎవరి చేతిలో ఉందో కౌంటీ చరిత్రలో చూస్తే పేర్లు రెండు మూడుకు తగ్గుతాయి.

ఒక్క జాగ్రత్త. కవచం చెప్పేది శిల్పం చెక్కిన కాలం, మనిషి చనిపోయిన కాలం కాదు. నార్మండీ ప్రభువు రాబర్ట్ కర్ట్‌హోస్ 1134లో చనిపోయాడు, గ్లౌస్టర్‌లో ఉన్న ఆయన చెక్క బొమ్మ మాత్రం 13వ శతాబ్దపు వేషంలో ఉంటుంది. దాని కింది పెట్టె మీది డాళ్ళు ఇంకా తర్వాతివి, వాటిని ఆయన వంశానికి ముడిపెట్టకూడదు.

ఫొటోలు పెడితే నేనూ చూస్తాను. మోకాళ్ళు, మెడ, భుజాలు దగ్గర నుంచి తీయండి. డాలు మీద టార్చ్ పక్క నుంచి వేస్తే అరిగిన గీతలు కూడా కనిపిస్తాయి. శిల్పం కాళ్ళ దగ్గర చెక్కిన జంతువు కుక్కా సింహమా అన్నది అంత ముఖ్యం కాదు.