‘అర్థరహిత పోగు’ సరైన మాటేనా?

సందేహం: మా అబ్బాయి జీవశాస్త్రం నోట్సులో డీఎన్ఏలోని రెండు పోగుల్లో ఒకటైన ‘యాంటీసెన్స్’ పోగును ‘అర్థరహిత పోగు’ అని రాసుకున్నాడు. ఇది సరైనదేనా? కాకపోతే ఏమనాలి?

సమాధానం: సరైనది కాదు. అర్థరహితం అంటే అర్థం లేనిది. జన్యుశాస్త్రంలో ఆ మాటకు వేరే చోటుంది. ప్రోటీన్ తయారీని మధ్యలోనే ఆపేసే ఉత్పరివర్తనాన్ని (జన్యువులో వచ్చే మార్పును) ‘నాన్‌సెన్స్’ అంటారు. నిరర్థకం అనవలసింది దాన్ని. ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లానికి బదులు మరొకటి వచ్చి చేరే ‘మిస్‌సెన్స్’కు మనకు ‘అపార్థం’ అనే చక్కని మాట ఉండనే ఉంది.

యాంటీసెన్స్ పోగుకు అర్థం లేకపోవడం మాట అటుంచి, ప్రోటీన్ తయారీకి సమాచారం మోసే ఆర్ఎన్ఏను తయారు చేసేటప్పుడు కణం చదివేదే ఆ పోగును. పాత ముద్రణాలయాల్లోని సీసపు అక్షరాలను తలచుకోండి. దిమ్మ మీద అక్షరం తిరగబడి ఉంటుంది, కాగితం మీద సరిగ్గా పడుతుంది. అలాగే ఈ పోగులో టీఏసీ అనే మూడు జన్యు అక్షరాలు ఉన్నచోట ఆర్ఎన్ఏలో ఏయూజీ పడుతుంది. ప్రోటీన్ తయారీకి ఆరంభ సంకేతం అదే. రెండో పోగులో, అంటే ‘సెన్స్’ పోగులో, అక్కడ ఏటీజీ ఉంటుంది (ఆర్ఎన్ఏలో టీకి బదులు యూ వస్తుంది).

అలాగైతే ‘అచ్చుపోగు’ అనవచ్చు కదా అంటారేమో. పోగు వరకు బాగుంటుంది, యాంటీసెన్స్ ఆర్ఎన్ఏ దగ్గర చిక్కు వస్తుంది. 1994లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఫ్లేవర్ సేవర్ టమాటాలో, కాయను మెత్తబరిచే ఎంజైము జన్యువును తిరగేసి చేర్చారు. దాని నుంచి పుట్టిన యాంటీసెన్స్ ఆర్ఎన్ఏ అసలు ఆర్ఎన్ఏతో జతకట్టి ఆ ఎంజైము తయారీని బాగా తగ్గించింది. ఇది అచ్చు కాదు, అడ్డు.

ఇక ‘ప్రతి’. ప్రతిబింబం, ప్రతిధ్వని ఉన్నాయి కాబట్టి ‘ప్రతిపోగు’ తప్పు కాదు. కానీ కాస్త విడదీసి ‘ప్రతి పోగు’ అని రాస్తే ‘ఒక్కొక్క పోగు’ అనే అర్థం వస్తుంది. ‘ప్రతి ఆర్ఎన్ఏ’ సంగతి చెప్పనక్కరలేదు. ‘ప్రత్యర్థ’ అంటే చెవికి ప్రత్యర్థే వినిపిస్తాడు.

నా ఓటు ‘ఎదురుపోగు’కు. ఎదురులో అభిముఖమూ ఉంది, అడ్డుపడటమూ ఉంది, ఎదురీతలోలాగా వ్యతిరేక దిశా ఉంది. డీఎన్ఏలో రెండు పోగులూ వ్యతిరేక దిశల్లోనే సాగుతాయి. పైగా ఒక జన్యువుకు యాంటీసెన్స్ అయిన పోగే పక్క జన్యువుకు సెన్స్ కావచ్చు. మనకు వాళ్లది ఎదురిల్లు, వాళ్లకు మనది ఎదురిల్లు కాదూ! ‘ఎదురు ఆర్ఎన్ఏ’ అన్నా పొరపడటానికి వీలుండదు.

పరీక్షలో మాత్రం మొదటిసారి ‘యాంటీసెన్స్’ అని కూడా పక్కన రాయమనండి. దిద్దేవారికి ఈ మాట కొత్త కావచ్చు.