దిగుడులో ముందున్నోడు తొక్కాలా?

ప్రశ్న: ఆదివారాలు గ్రూపుగా సైకిళ్ల మీద కొండవీడు వెళ్తామండి. ఘాట్ దిగేటప్పుడు ముందుంటే నేను తొక్కడం ఆపేసి వదిలేస్తా, వెనకాలోళ్లేమో మాటిమాటికీ బ్రేకులు వేయాల్సొస్తోందని గొడవ. దిగేటప్పుడు కూడా తొక్కాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వాళ్ల గొడవలో న్యాయం ఉందండి. గాలికి ఎదురెళ్లేది మీరు, మీ వెనకోళ్లకి ఆ గాలి బాగా తక్కువ తగుల్తుంది, అందుకే అందరూ తొక్కడం ఆపేస్తే వాళ్లు మీ మీదకి దూసుకొచ్చేస్తారు, పైగా స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది కాబట్టి దిగుడులో ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఒంటరిగా దిగితే మీ ఇష్టం, గ్రూపులో ముందుంటే మాత్రం తిన్నటి రోడ్డు మీద పెద్ద గేర్‌లో తేలిగ్గా తొక్కుతూనే ఉండండి. వెనకోళ్లు కాళ్లు ఆపి, కాస్త నిటారుగా లేచి కూర్చుంటే ఛాతీకి గాలి తగిలి స్పీడు దానంతటదే తగ్గుతుంది, బ్రేకుతో పనుండదు.

మలుపుల్లో మాత్రం ఎవరూ తొక్కొద్దు. కుడివైపు తిరిగేటప్పుడు ఎడమ పెడల్ కిందకి, దాని మీదే బరువు, లేకపోతే సైకిల్ వంగినప్పుడు లోపలి పెడల్ రోడ్డుకి గీసుకుంటుంది. బ్రేకు మలుపుకి ముందే వేసెయ్యాలి. ఇంకోటి, ఘాట్‌లో చక్రానికి చక్రం ఆనించినట్టు అస్సలు వెళ్లొద్దు, ముందోడు కంకర చూసి పక్కకి తప్పుకుంటే వెనకోడికి చూసుకునే టైమే ఉండదు, నాలుగైదు సైకిళ్ల దూరం వదలమని మీవాళ్లకి ఎక్కే ముందే చెప్పండి.