అమెరికాలో లా చదవాలనుకునే అమ్మాయి హైస్కూల్లో ఏం చదవాలి?

ప్రశ్న: మేము రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి టెక్సాస్ వచ్చాం. లాయరు కావాలనుకుంటున్న మా అమ్మాయి పదకొండో తరగతిలో అమెరికా చరిత్ర చదువుతోంది కానీ, తేదీలు గుర్తుండటం లేదంటోంది. నేను బీకాంలో చదివిన కాంట్రాక్టు చట్టాన్ని ఇప్పటి నుంచే చెప్పవచ్చా?

జవాబు: మన దగ్గర ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. అమెరికాలో ముందు ఏదైనా బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసి, ఆ తర్వాత మూడేళ్ల జేడీ (అక్కడి లా డిగ్రీ) చదవాలి. కాంట్రాక్టు చట్టం అందులో మొదటి ఏడాది పాఠం. కాబట్టి దానికి ఇప్పుడు తొందర లేదు. చరిత్ర, పౌరశాస్త్రం, ఒప్పందాలు ఒకదానితో ఒకటి ఎక్కడ ముడిపడ్డాయో గ్రహించడమే మీ అమ్మాయికి ఈ రెండేళ్లలో ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ ముడి రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక అప్పుల్లో కూరుకుపోయిన మసాచుసెట్స్ రైతులు 1786లో తిరగబడి, డేనియల్ షేస్ వంటి వారి నాయకత్వంలో కోర్టులను మూయించారు. మరికొన్ని రాష్ట్రాల శాసనసభలు బాకీదారులకు ఊరటనిచ్చే చట్టాలు తెచ్చాయి. ఈ పరిణామాలకు కలవరపడినవారు 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినప్పుడు, ఒప్పందాల బాధ్యతను దెబ్బతీసే చట్టాన్ని ఏ రాష్ట్రమూ చేయరాదని మొదటి అధికరణం పదో సెక్షన్‌లో చేర్చారు. డార్ట్‌మత్ కళాశాలకు 1769లో ఇంగ్లండ్ రాజు ఇచ్చిన చార్టర్ (స్థాపన పత్రం) కూడా ఒప్పందమేననీ, న్యూహాంప్‌షైర్ రాష్ట్రం దానిని మార్చజాలదనీ 1819లో సుప్రీంకోర్టు ఆ నిబంధన ఆధారంగానే తీర్పు చెప్పింది. కానీ మహా మాంద్యం నడుమ 1934లో, తనఖా ఇళ్ల జప్తును వాయిదా వేసిన మిన్నెసోటా చట్టాన్ని అదే కోర్టు సమర్థించింది. అదే వాక్యానికి కాలాన్ని బట్టి కోర్టు చెప్పిన అర్థం ఎలా మారిందో అమ్మాయి తన మాటల్లో వివరించగలిగితే, ఆ సంవత్సరాలను విడిగా బట్టీ పట్టవలసిన పని ఉండదు. రాష్ట్రాల అధికారాలు, న్యాయసమీక్ష (చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో కోర్టు తేల్చడం) అనే పౌరశాస్త్ర పాఠాలూ ఇందులోనే వచ్చేస్తాయి.

ఇక మీ బీకాం నోట్సు విషయం. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం (ఇచ్చిన మాటకు బదులుగా అవతలివారు ఇచ్చేది లేదా చేసేది) అనే పునాది రెండు దేశాలకూ ఇంగ్లండ్ నుంచే వచ్చింది కనుక అంతవరకు చెప్పండి. ఆపైన మాత్రం జాగ్రత్త అవసరం. మన 1872 కాంట్రాక్టు చట్టం కింద మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లోని ఆఖరి అప్పీళ్ల కోర్టు) తేల్చింది. అమెరికాలో అది సాధారణంగా చెల్లుతుంది, అయితే మైనర్ కోరితే రద్దు చేసుకోవచ్చు. అలాగే, అవతలివారు కోరగా ఎప్పుడో చేసిపెట్టిన పని మన చట్టంలో ప్రతిఫలం కాగలదు. అక్కడ సాధారణంగా కాదు.

సిద్ధాంతాలకన్నా కేసులతో చెప్పడం మేలు. ఇరవై ఒకటో ఏడు నిండేవరకు మద్యం, పొగాకు, డబ్బు పెట్టి పేకాట వంటివి ముట్టకపోతే 5,000 డాలర్లు ఇస్తానని పెదనాన్నో బాబాయో మాటిచ్చాడనుకోండి. ఆ కుర్రవాడు నియమం పాటించాక డబ్బు ఇవ్వవలసిందేనా? హేమర్, సిడ్‌వే కేసులో 1891లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు ఇవ్వవలసిందేనంది, ఎందుకంటే తనకు చట్టబద్ధంగా ఉన్న స్వేచ్ఛను వదులుకోవడమే అతని వైపు ప్రతిఫలం. ఈ తీర్పుపై భోజనాల దగ్గర అరగంట వాదించుకుంటే మీ నోట్సు మొత్తం చదివించినదానికన్నా ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

పన్నెండో తరగతిలో బడిలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) గవర్నమెంట్ కోర్సు ఉంటే తీసుకోమనండి. అందులో తప్పనిసరిగా చదవవలసిన 14 సుప్రీంకోర్టు కేసులు ఉన్నాయి. ప్రతి కేసుకు వాస్తవాలు, ప్రశ్న, తీర్పు, దానికి కారణం ఒకే పేజీలో రాయించండి. జేడీ ప్రవేశానికి రాసే ఎల్‌శాట్ పరీక్ష చట్టాల పరిజ్ఞానాన్ని అడగదు, చదివి తర్కించే శక్తిని పరీక్షిస్తుంది. డిగ్రీలో ఫలానా సబ్జెక్టే ఉండాలన్న షరతు కూడా లేదు కాబట్టి, దాని ఎంపిక ఆమెకే వదిలేయండి.